కాగితం పూల మొక్కకు యూరియా దేనికి?

రాజమహేంద్రవరం నుంచి జాతీయ రహదారి మీద ఎటు వెళ్ళినా రోడ్డు మధ్య డివైడర్లో కాగితం పూల మొక్కలు కనిపిస్తాయి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో అవి ఆకు కనబడకుండా పూస్తాయి. లారీల పొగ, తారు వేడి, అప్పుడప్పుడు ట్యాంకరు పోసే నీళ్ళు - వాటికి దక్కేది ఇంతే. పిడికెడు ఎరువు ఎప్పుడైనా పడితే గొప్ప సంగతే. అదే మొక్కను కడియపులంక నర్సరీలో వందలు పోసి కొని, ఇంటి ముందు కుండీలో పెట్టి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసి, వారానికోసారి చెంచాడు యూరియా వేసి సాకినవాళ్ళకి మాత్రం ఆకులే తప్ప పువ్వు కనిపించదు. "మొక్క మంచిది కాదు, నర్సరీవాడు మోసం చేశాడు" అనే మాట అప్పుడు పుడుతుంది.

మోసం అన్నిసార్లూ ఉండదు. మన ఇళ్ళలో ఉన్న కాగితం పూల మొక్కల్లో చాలావాటికి ఆకలి జబ్బు లేదు, అజీర్తి జబ్బు ఉంది. దీనికి మందు పోసేకొద్దీ రోగం పెరుగుతుంది. ఈ సంగతి కొనేవాళ్ళకు చెప్పే బాధ్యత అమ్మేవాళ్ళ మీద ఉందని, చెప్పకపోతే చివరకు నష్టపోయేది నర్సరీ రైతేనని ఈ వ్యాసం ఉద్దేశం.

ముల్లూ పువ్వూ ఒక చోటే

కాగితం పూల తీగది దక్షిణ అమెరికా. 1766-69 మధ్య ప్రపంచం చుట్టివచ్చిన ఫ్రెంచి నౌకాధిపతి బోగన్‌విల్ పేరు దీనికి పెట్టారు. ఆ ఓడలో వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు కామర్సన్ దీన్ని బ్రెజిల్ తీరాన చూశాడు. మన పెరళ్ళలో సాయంత్రం పూసే చంద్రకాంత, పొలం గట్ల మీద పాకే గలిజేరు కూడా ఇదే కుటుంబం. గలిజేరుకు ఎవరు ఎరువు వేస్తున్నారు? ఈ కుటుంబం తీరే అంత. కష్టాన్ని ఓర్చుకునే జాతి.

మనం పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి పూరేకులు కావు. అవి రంగు మారిన ఆకులు. వాటి మధ్య సన్నగా, గొట్టంలా, తెల్లగా ఉండేదే అసలు పువ్వు. మూడు రంగు ఆకుల నడుమ మూడు పువ్వులుంటాయి. కాగితంలా పలచగా ఉండి నీరు తక్కువ పట్టే ఆకులు కాబట్టే మామూలు పూలకంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ ముల్లు కావచ్చు, పూగుత్తి కావచ్చు. రెండూ ఒక చోటు నుంచే వస్తాయి. ఎండ బాగా తగిలి, పగటి పొద్దు తగ్గి, నీళ్ళు మితంగా ఉండి, కొమ్మ కాస్త గట్టిపడితే ఆ చోట పూగుత్తి వస్తుంది. నీడ ఉండి, నీళ్ళు ఎక్కువై, కొమ్మ లేతగా పరుగులు తీస్తుంటే అక్కడే ముల్లు వస్తుంది. పూయని మొక్కను దగ్గరకెళ్ళి చూడండి. బారెడు పొడుగు కొమ్మ, అరచేయంత ఆకులు, కణుపు కణుపుకీ పొడవాటి ముల్లు. పువ్వు కావలసినదంతా ముల్లయి పోయిందన్నమాట.

యూరియా లెక్క

వరి రైతుకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. యూరియా ఎక్కువైన మడి నల్లగా, చూడముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత దోమ పడుతుంది, గాలికి చేను పడిపోతుంది, గింజ తాలు పోతుంది. "ఏపు ఉంది గానీ కాపు లేదు" అని రైతే అంటాడు. మడిలో తెలిసిన సంగతే కుండీ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మరచిపోతామో అర్థం కాదు.

లెక్క చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం. చివికిన పశువుల ఎరువులో సుమారు అర శాతం. అంటే 5 గ్రాముల చెంచాడు యూరియాలో ఉన్న నత్రజని, దాదాపు అరకిలో పశువుల ఎరువులో ఉన్నంత. పిడికెడు, అంటే 50 గ్రాములు పడితే, నాలుగున్నర కిలోల పశువుల ఎరువుకు సమానం. 12 అంగుళాల కుండీలో పట్టే మట్టే పది, పదిహేను కిలోలు. ఆ కాస్త మట్టికి ఇంత నత్రజని ఒక్కసారిగా అందితే మొక్క ఏం చేస్తుంది? ఆకు వేస్తుంది, కొమ్మ సాగిస్తుంది. మోతాదు మరీ మించితే వేరు మాడి ఆకు రాలుస్తుంది.

అంటు మొక్కల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. ఒకే మొదలు మీద మూడు నాలుగు రంగులు కట్టిన మొక్కలకు ఇప్పుడు గిరాకీ ఉంది. వీటిలో మొదలు మొక్క మొండి జాతి, పైన కట్టిన రంగులు సాధారణంగా దానికంటే నెమ్మది. యూరియా పోయగానే మొదటి నుంచి నీటి కొమ్మలు తన్నుకొస్తాయి. అవి తీసేయకపోతే ఏడాది తిరిగేసరికి పసుపు, తెలుపు, నారింజ రంగులన్నీ పోయి మొదలు మొక్క ఒక్కటే మిగులుతుంది. కొన్నవాడు "నాలుగు రంగులని చెప్పి ఒక్క రంగు అంటగట్టారు" అంటాడు. అమ్మినవాడి దగ్గర దానికి జవాబు ఉండదు.

పసుపు ఆకుకు అసలు కారణం

ఆకు పచ్చబారింది అనగానే యూరియా డబ్బా తీయడం మనకు అలవాటు. ఆకు పసుపు రంగుకు మారడానికి కారణాలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో నత్రజని లోపం ఒకటి మాత్రమే.

నీరు నిలిచి వేరు కుళ్ళితే ఆకు పసుపు పడుతుంది. గోదావరి లంకల ఒండ్రు మట్టిలో పెరిగిన మొక్క మట్టి ముద్దతో సహా ఇంటికి వస్తుంది. ఆ ముద్ద బంకమన్ను. దాన్ని ఇంకో బంకమట్టి కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే వేరుకు గాలి ఆడదు. ఇక్కడ కావలసింది ఇసుక, కుండీ అడుగున కంత. యూరియా కాదు.

లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో, ఉప్పు బోరు నీళ్ళు పోసేచోట ఇది సాధారణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండు మూడుసార్లు చల్లటి పూట పిచికారి చేస్తే ఆకు తేరుకుంటుంది. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు పడితే మెగ్నీషియం లోపం. లీటరుకు 5 నుంచి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు చల్లాలి. ఆకు అంచులు మాడి, కుండీ అంచున తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకుందని గుర్తు. అప్పుడు ఎరువు పూర్తిగా ఆపి, అడుగు నుంచి ధారాళంగా కారేలా మంచినీళ్ళు రెండు మూడుసార్లు పోసి మట్టిని కడగాలి.

డి.ఏ.పి. మీద కూడా ఒక భ్రమ ఉంది. భాస్వరం పూతకు మంచిది కాబట్టి ఎంత వేస్తే అంత పూత అనుకుంటారు. డి.ఏ.పి.లో 46 శాతం భాస్వరంతో పాటు 18 శాతం నత్రజని కూడా ఉంది. పైగా మట్టిలో భాస్వరం మితిమీరితే ఇనుము, జింకు మొక్కకు అందకుండా పోతాయి. ఇక కట్టెల బూడిద. పొటాషియం ఉన్నమాట నిజమే గాని అది క్షార గుణం. ఈ మొక్కకు కాస్త పులుపు నేల నచ్చుతుంది. ఎర్ర నేలలో చారెడు వేస్తే ఇబ్బంది లేదు. చౌడు నేలలో, ఉప్పు నీళ్ళ ఊళ్ళో వేయకపోవడమే మేలు.

అయితే ఎరువే వద్దా?

ఇక్కడ నర్సరీ రైతుల వాదన కూడా వినాలి. "కొనేవాడు ఆకు చూసి కొంటాడు. పల్చగా, పాలిపోయినట్టున్న మొక్కను ఎవరూ ముట్టుకోరు. కవరులో ఉన్న రెండు గుప్పెళ్ళ మట్టిలో సారం ఎంత? మేం మేత పెట్టకపోతే మొక్క ఎదగదు" అంటారు. ఇందులో న్యాయం ఉంది. నర్సరీలో మొక్క పెరగాలి, కొమ్మలు వేయాలి. ఆ దశలో నత్రజని కావాలి. డివైడర్లో మొక్క వేరు దూరంగా వెళ్ళి తన తిండి తాను వెతుక్కుంటుంది. కుండీలో మొక్కకు ఆ వీలు లేదు. పైగా పువ్వు వచ్చేది కొత్త కొమ్మల మీదే. బొత్తిగా పస్తు పెడితే కొత్త కొమ్మా రాదు, పువ్వూ రాదు.

కాబట్టి ఎరువు వేయాలా వద్దా అన్నది తగవు కాదు. ఏ దశలో ఏది, ఎంత అన్నదే ప్రశ్న. పెరిగే కాలంలో పెట్టాలి, పూసే కాలానికి ముందు నత్రజని ఆపాలి. నల్లగొండ, అనంతపురం బత్తాయి రైతులు పూత కోసం నీళ్ళు ఆపి చెట్టును వాడబెడతారు, తర్వాత ఎరువు వేసి నీరు పెడతారు. ఆ కిటుకే ఇక్కడా పనిచేస్తుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

జూన్‌లో తొలకరి పడ్డాక, వేసవి పూత అయిపోయిన కొమ్మలను మూడో వంతు కత్తిరించాలి. నేలలో ఉన్న పెద్ద మొక్కకు ఒక తట్టెడు చివికిన గెత్తం, పావుకిలో వేపపిండి, 100 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు, 50 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పాదులో మొదలుకు జానెడు దూరంగా వేసి మట్టి కప్పాలి. 12 అంగుళాల కుండీ అయితే పైనున్న రెండంగుళాల మట్టి తీసి, రెండు దోసెళ్ళ వానపాముల ఎరువు, చిన్న పిడికెడు వేపపిండి, చెంచాడు సూపర్ కలిపిన కొత్త మట్టి నింపాలి. సూపర్ ఎందుకంటే అందులో 16 శాతం భాస్వరంతో పాటు గంధకం, కాల్షియం ఉన్నాయి. నత్రజని లేదు.

జూలై, ఆగస్టుల్లో చిగురు బలహీనంగా ఉంటేనే కుండీకి చెంచాడు 17-17-17 నెలకోసారి వేయాలి. చిగురు బాగుంటే అదీ అక్కరలేదు. ఎండిన మట్టిలో రసాయన ఎరువు ఎప్పుడూ వేయకూడదు. ముందు నీళ్ళు పోసి, మరునాడు ఎరువు వేసి, మళ్ళీ కాసిని నీళ్ళు పోయాలి.

సెప్టెంబరు ఆఖరుకో, అక్టోబరులోనో కొసలు తుంచాలి. అప్పుడు పక్క కొమ్మలు వస్తాయి. ఇక్కడి నుంచి యూరియా, డి.ఏ.పి., కోళ్ళ ఎరువు - నత్రజని ఎక్కువున్నవేవీ దగ్గరకు రానీయకూడదు. లీటరు నీటికి 3 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి, కుండీకి అర లీటరు చొప్పున పదిహేను రోజులకోసారి రెండు మూడు విడతలు పోస్తే చాలు. కుండీలకు మ్యూరేట్ కంటే సల్ఫేట్ రూపమే మంచిది. ఉప్పు తక్కువ పేరుకుంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కాబట్టి అక్కడివారు ఈ పని వానలు తగ్గాక మొదలుపెట్టాలి.

నవంబరు నుంచి నీళ్ళు తగ్గించాలి. ఆకు కాస్త వేలాడిన తర్వాతే పోయాలి, పోసినప్పుడు నిండా పోయాలి. రోజూ చెంబెడు చల్లడం కంటే ఇది ఎంతో మేలు. మొగ్గ కనిపించాక మాత్రం మరీ ఎండబెట్టకూడదు, మొగ్గ రాలిపోతుంది. ఒక విడత పూత అయిపోగానే కొసలు కత్తిరించి, ఒక దోసెడు వానపాముల ఎరువు వేస్తే మళ్ళీ నెలా నెలన్నరలో ఇంకో విడత వస్తుంది. ఇలా మే దాకా నడుస్తుంది.

వీటన్నిటికీ ముందు చూడవలసింది ఎండ. రోజుకు అయిదారు గంటల సూటి ఎండ తగలని చోట ఏ ఎరువూ పువ్వు తేలేదు. హైదరాబాద్, విశాఖ అపార్టుమెంట్లలో ఉత్తరపు బాల్కనీలో పెట్టుకుని మందుల కోసం తిరిగేవాళ్ళు ఆ డబ్బుతో నీడలో బతికే ఇంకో మొక్క కొనుక్కోవడం మంచిది. మొక్క నాటేటప్పుడు కవరు చించడంలో కూడా జాగ్రత్త ఉండాలి. దీని వేళ్ళు సన్నవి, ఇట్టే తెగుతాయి. మట్టి ముద్ద విరగకుండా కవరు బ్లేడుతో కోసి తీసి, కదలకుండా దించాలి. నాటిన నెల రోజులదాకా ఏ రసాయన ఎరువూ వేయకూడదు.

చీటీ ఇస్తే పోయేదేముంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, జేగురుపాడు ఊళ్ళ బతుకు మొక్క మీద ఆధారపడింది. ఇక్కడి మొక్క లారీలెక్కి ఎన్నో రాష్ట్రాలకు వెళుతుంది. నర్సరీల్లో అంట్లు కట్టే, కవర్లు నింపే, లోడు ఎత్తే కూలీలకు ఏడాది పొడుగునా పని దొరుకుతోంది. ఈ వ్యాపారానికి పెట్టుబడి నేల, నీళ్ళు మాత్రమే కాదు. "కడియం మొక్క" అన్న పేరే పెద్ద పెట్టుబడి. కొన్న మొక్క పూయకపోతే కొన్నవాడు తన యూరియాను తిట్టుకోడు, కడియాన్ని తిడతాడు. ఆ తిట్టు పదిమందికి చేరుతుంది. వచ్చే ఏడు ఆ పదిమందీ తమ ఊరి పక్కనే ఉన్న నర్సరీకి వెళతారు.

అందుకే నర్సరీ రైతు సోదరులకు ఒక మాట. మొక్కతో పాటు అరచేతిలో పట్టేంత చీటీ ఒకటి ఇవ్వండి. రకం పేరు, అంటు మొక్క అయితే ఆ సంగతి, చివరిసారి ఏ ఎరువు ఎప్పుడు వేశారు, ఎదుగుదల ఆపే మందు ఏదైనా వాడి ఉంటే దాని పేరు - ఇవి రాయండి. "నెల దాకా ఎరువు వద్దు, ఎండలో పెట్టండి, వాడాకే నీళ్ళు పోయండి, మొదటి నుంచి వచ్చే కొమ్మలు తీసేయండి" అని నాలుగు ముక్కలు అచ్చు వేయండి. తెలుగుతో పాటు మొక్క వెళ్ళే రాష్ట్రపు భాషలో కూడా వేస్తే ఇంకా మంచిది. ఖర్చు పైసల్లో ఉంటుంది. చెప్పడం వల్ల బేరం పోతుందని భయపడేవాళ్ళున్నారు. మొక్క చచ్చి మళ్ళీ కొంటేనే వ్యాపారం అనుకునేవాళ్ళూ లేకపోలేదు. ఆ వ్యాపారం ఎక్కువ కాలం సాగదు.

రెండో మాట ఎరువుల దుకాణదారులకు. ఇంటి తోటవాళ్ళకు 50 కిలోల సూపర్ బస్తా ఏం చేసుకోను? అది దొరక్క పూత మందులని పేరు పెట్టిన సీసాలు కొంటున్నారు. కొన్ని సీసాల మీద లోపల ఏముందో కూడా రాసి ఉండదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం ఎరువు సంచి మీద పోషకాల పాళ్ళు ముద్రించాలి. పాళ్ళు రాయని సీసాను కొనేవాళ్ళు కొనకూడదు, తనిఖీ అధికారులు చూసీ చూడనట్టు వదలకూడదు. సూపర్, సల్ఫేట్ ఆఫ్ పొటాష్, వేపపిండి కిలో ప్యాకెట్లలో పాళ్ళు ముద్రించి అందుబాటులో ఉంచితే ఈ సీసాల బెడద చాలావరకు తగ్గుతుంది.

మూడో మాట ప్రభుత్వానికి. మన ప్రాంతంలో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వేమగిరిలో పూల పరిశోధన ప్రాంతీయ కేంద్రం ఉంది. వరికి, చెరకుకు ఎకరాకు ఇంత అని ఎరువుల సిఫారసు పట్టిక ఉన్నట్టే, కవరు మొక్కకు, కుండీ మొక్కకు గ్రాముల్లో పట్టిక అచ్చువేసి నర్సరీలకు, రైతు సేవా కేంద్రాలకు పంచాలి. నర్సరీ మట్టికి, బోరు నీళ్ళకు పరీక్షలు చేసి అయిదారు మాటల్లో ఫలితం చెప్పాలి. సాగునీటిలో ఉప్పెంత ఉందో తెలియకుండా ఎరువు మోతాదు చెప్పడం చీకట్లో బాణం వేసినట్టే.

కుండీల్లో పోసే యూరియా ఆపితే దేశంలో యూరియా కొరత తీరుతుందని ఎవరూ అనడం లేదు. వరి చేలు తాగేదాని ముందు ఇది లెక్కలోకి రాదు. కాని 2025 ఖరీఫ్‌లో తెలుగు రాష్ట్రాల్లో ఒక్క బస్తా కోసం రైతులు తెల్లవారకముందే వరసల్లో నిలబడ్డ సంగతి మనం చూశాం. రాయితీ ఇచ్చి రైతు పంట కోసం సరఫరా చేసే యూరియాను, అక్కరలేని మొక్కకు పోసి, దాని పువ్వును ముల్లుగా మార్చుకోవడంలో ఏ అర్థమూ లేదు.

వచ్చే తొలకరికి నర్సరీల్లో అమ్మకాలు మళ్ళీ జోరందుకుంటాయి. కొనేవాళ్ళు మొక్క ధర అడిగినట్టే దాని మేత గురించి కూడా అడగాలి. "దీనికి ఇప్పటిదాకా ఏం వేశారు? ఇకమీదట ఏం వేయకూడదు?" - ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసిచ్చే నర్సరీలోనే కొనండి.